ముఖం మనసుకు అద్దమా?

"ముఖం మనసుకు అద్దం" అని మనమందరం వ్యాసాల్లో రాస్తుంటాం. నేనూ రాసినదాన్నే. పోయిన ఏడాది నుంచి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇంటివాళ్ళమంతా కురుడుమలె వినాయకుని గుడికి పోయినాము. ఫోటో తీసేటప్పుడు బంధువులామె ఒకరు మా పెద్దమ్మను, "ఏమక్కా, మొగం అట్ల పెట్టుకోని ఉండావు? కొంచెం నగు" అనింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కకు జరిగింది. ఆమెకు కోపమేమీ లేదు. అంతకు కొన్ని నెలల ముందు ఆమె ముఖం ఎడమవైపు వాలిపోయింది. నవ్వితే నోటి కుడి మూల ఒక్కటే పైకి లేస్తుంది.

ఒంట్లో చాలా కండరాలు ఎముక నుంచి ఎముకకు ఉంటాయి. ముఖంలోవి మాత్రం చర్మానికి అతుక్కొని ఉంటాయి. అందుకే అవి బిగిస్తే చర్మమే ముడత పడుతుంది. మన తెలుగు ఈ పనులకు ఎప్పుడో పేర్లు పెట్టింది: నొసలు చిట్లించడం, బొమలు ముడివేయడం, మూతి ముడవడం. వీటన్నిటినీ నడిపేది చెవి వెనుక నుంచి ముఖంలోకి వచ్చే నాడి, పక్కకు ఒకటి. అది దెబ్బతింటే ఆ పక్క కండరాలు పని చేయవు. ఇట్లా వచ్చే జబ్బుల్లో ఎక్కువగా కనబడేది బెల్స్ పాల్సీ.

మనసు లేకుండానే ముఖం నవ్వగలదు కూడా. ఫ్రెంచి వైద్యుడు డుషేన్ చెంప కండరానికి కరెంటు తాకించి పెదవులను నవ్వించి, ఆ ఫోటోలతో 1862లో పుస్తకం వేసినాడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవారై ఉండి సత్యభామ అలకను కనుబొమల్లో, పెదవుల్లో చూపించినారు. అది సాధన.

కాబట్టి నా మాటలు రెండు. ఆడపిల్ల నవ్వలేదని ఆమె గుణం తేల్చేయవద్దు. రెండోది, ఎవరి ముఖమైనా ఉన్నట్టుండి ఒక పక్కకు వాలితే "గాలి సోకింది" అని మంత్రం వేయించుకుంటూ తిరగవద్దు. మేము అట్లా వారం పోగొట్టుకున్నాము. అది మెదడుకు వచ్చిన పక్షవాతం కావచ్చు, అప్పుడు ప్రతి గంటా విలువైనదే. నాడి జబ్బే అయినా మందు మొదటి మూడు రోజుల్లో పడితే మేలు. చాలామందికి కొన్ని నెలల్లో నయమవుతుంది.

ఈసారి ఫోటోలో పెద్దమ్మ పక్కన నేను నిలబడతాను. "నగు" అని మాత్రం ఎవరూ అనవద్దు.