పారిస్ విద్య, కొండల నీడ

స్లొవాక్ చిత్రకారిణి ఎస్తేర్ షిమెరోవా 1909లో బ్రాటిస్లావా నగరంలో జన్మించారు. 1927లో పారిస్ వెళ్లి ఫెర్నాన్ లెజే, అలెక్సాండ్రా ఎక్స్‌టర్‌ల వద్ద శిష్యరికం చేశారు. వస్తువును యథాతథంగా అనుకరించక, రేఖలతో, వర్ణాలతో దాని నిర్మాణాన్ని వ్యక్తం చేయడం ఆమె అక్కడ నేర్చిన విద్య.

స్వదేశం తిరిగివచ్చి ఆధునిక చిత్రకారిణిగా పేరు గడించారు. కాని 1948లో చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టు పాలన ఏర్పడింది. సామ్యవాద వాస్తవికతకే ప్రభుత్వాదరణ లభించిన ఆ రోజుల్లో ఇట్టి కళకు తావు లేకపోయింది.

భర్త మార్టిన్ మార్తిన్చెక్‌తో కలసి ఆమె కొండల నడుమనున్న లిప్తోవ్‌స్కీ మికులాష్ పట్టణంలో స్థిరపడ్డారు. న్యాయశాస్త్రం చదివిన ఆయన అక్కడ ఛాయాగ్రాహకునిగా ప్రసిద్ధులయ్యారు. ఆమె కుంచె విడువలేదు. పాలకుల అభిరుచికై తన విద్యను మార్చుకోని ఆ సాధ్వి 2005లో ఆ పట్టణంలోనే కన్నుమూశారు.