ఖాళీ గదికి ఒక ఛాయాచిత్రము

ఏటేట విద్యాసంవత్సరాంతమున మన పాఠశాలలో సామూహిక ఛాయాచిత్రము తీయించుకొనుట ఆచారము. ఉపాధ్యాయులు కుర్చీలలో కూర్చుందురు. చిన్నవారు నేలపై కూర్చుండి, పొడగరులు బల్లలపై నిలిచి, అందరును ఎండకు కండ్లు చికిలించుచు కెమెరా వంక చూతురు. ఈ సంచిక కొరకు పాత చిత్రములను వరుసగా పరచి చూచుచుండగా మాకొక లోటు కనబడినది. ముఖములు వందలున్నవి, తరగతి గది ఒక్కటియు లేదు. లోపల వెలుతురు చాలదని ఫొటోగ్రాఫరు ప్రతిసారియు అందరిని వెలుపలికే పిలిచెను. ఏండ్ల తరబడి మనము అక్షరములు దిద్దిన గది, తెలుగులో తేదీ వ్రాసిన నల్లబల్ల, పేర్లు చెక్కిన బెంచీలు ఏ చిత్రమునందును పడలేదు.

ఇది చిన్న లోటని మేము తలంపము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. రాష్ట్రము మారినను ఇంటి భాష మారలేదు. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి నిర్బంధ పాఠ్యాంశమై, ఏటికొక తరగతి చొప్పున పైకి వచ్చి పదవ తరగతిని చేరినది. ఉన్న ఊరి భాష నేర్చుటను మేము కాదనము. అది నేర్వనివాడు సంతలో కూడ మూగవాడే. కాని తెలుగు విభాగములలో పిల్లలు తగ్గుచున్న మాట నిజము. తగ్గిన చోట గదులు ఇతర అవసరములకు పోవుచున్నవి. గోడకు కొత్త సున్నము పడిన మరునాడు, అచట వేమన పద్యములు వల్లించిరని చెప్పుటకు గుర్తేమి మిగులును? కావున మా అభిప్రాయమిది: తెలుగు చదువు సాగుచున్న ప్రతి గదిని, పిల్లలు లేని వేళ, నలుపు తెలుపు ఫిల్ముపై, పిల్లలచేతనే చిత్రింపజేయవలెను.

ఈ మాట వినిన ఒక తల్లి, "మనుషులు లేని ఫొటో ఏమిటండీ, పాడుపెట్టిన ఇల్లు మాదిరి!" అని మమ్ము మందలించినది. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. అయినను మదురను చూడుడు. 1858లో లిన్నయస్ ట్రైప్ అను మద్రాసు సైన్యపు కెప్టెను, ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా, తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపపు నడవను కాగితపు నెగటివుపై చిత్రించెను. ఆ నాయక రాజులు తెలుగు మూలము వారన్నది మన విద్యార్థులెరిగినదే. తరువాతి కాలమున ఆ మండపము కుట్టుపనివారి యంత్రములతో, పుస్తకముల దుకాణములతో క్రిక్కిరిసినది. ట్రైపు చిత్రములో మాత్రము స్తంభములు బారులు తీరి నేటికిని దర్శనమిచ్చుచున్నవి. జనము నిండిన చోట మన చూపు జనముపైననే నిలుచును. 1955 జనవరిలో మన ఆవడిలో జరిగిన కాంగ్రెసు మహాసభ చిత్రములలో మేము చూచినవన్నియు నాయకులు, జనసముద్రము. సోషలిస్టు తరహా సమాజమును గూర్చి తీర్మానించిన ఆ పందిరి, అందరును వెడలిన పిదప ఎట్లుండెనో చూడవలెనని మాకు తీరని కోరిక.

శూన్యము ఒక్కొక్కప్పుడు కెమెరా కల్పించినదే. 1838లో పారిస్ నగరమున డాగేరు తీసిన వీధి చిత్రములో బండ్లు, జనము కానరారు. వీధి నిర్మానుష్యము కాదు. పలక వెలుతురును గ్రహించుటకు నిమిషముల కాలము పట్టుటచే కదలువారెవ్వరును దానిపై నిలువలేదు. బూట్లు తుడిపించుకొనుచు కదలక నిలిచిన ఒకని రూపము మిగిలినది. జపాను దేశీయుడు హిరోషి సుగిమోటో 1970ల చివరి భాగమునుండి సినిమాశాలలలో ఆట మొదలైనపుడు కెమెరా కన్ను తెరచి, ముగిసినపుడు మూయుచు వచ్చెను. కథయంతయు కలిసి తెర తెల్లని వెలుగు పలకయైనది. ఆ వెలుగులో ఖాళీ కుర్చీలు కనబడినవి. మన ఊరి సినిమాశాలలో ఇట్లు చేయవచ్చునా యని ఒక విద్యార్థి అడిగెను. యజమాని ఒప్పుకొని, ఈలలు వేయువారు స్టాండును తన్నకున్నచో చేయవచ్చును!

ఫోను చాలదా యని తండ్రులు అడుగుదురు. చిత్రము మాత్రమే కావలెనన్నచో చాలును. కాని ఫోనుతో నలువది తీసినవాడు వానిలో ఒక్కదానినైనను మరల చూడడు. ముప్పదియారు మాత్రము పట్టు చుట్టతో పనిచేయువాడు మీట నొక్కుటకు ముందు గదిని పావుగంట చూచును. మాకు కావలసినది ఆ పావుగంట. పైగా రంగులలో గోడమీది ప్రకటన, మూలనున్న నీలపు బకెట్టు చూపును లాగివేయును. నలుపు తెలుపులో కిటికీ వెలుతురు బెంచీ అంచుమీద ఎట్లు వాలినదో అదే ముందు కనబడును. నెగటివు అమృతము త్రాగినదని మేము చెప్పము; మన తేమకు దానికిని బూజు పట్టును. ఖర్చును దాచము. ఉదకమండలమున 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారు 'ఇందు' పేర ఫిల్ము చేసిన దినములు గతించినవి. ఆ కర్మాగారము మూతపడినది. తరగతికొక చుట్ట చాలునందుము.

పనిలో మెలకువలు కొన్ని కలవు. 400 వేగపు ఫిల్ము, కదలని ముక్కాలి స్టాండు ఉండవలెను. కిటికీని చూచి వెలుతురు కొలిచినచో గదియంతయు మసి యగును. నీడ పట్టున కొలువవలెను. సెకండు దాటినచో ఫిల్ము మందగించును గనుక మీటరు చెప్పినదానికన్న ఎక్కువ కాలమీయవలెను. ఇక కడుగుటలో ఆవడి ఎండయే శత్రువు. డెవలపరునకు 20 డిగ్రీలు తగును. మే నెలలో మన కుళాయి నీరు అంతకు చాల మించి యుండును. మంచుముక్కల పళ్లెములో సీసాను నిలుపవలెను. ఇంకొక హెచ్చరిక: సైనిక కర్మాగారముల, శిబిరముల పరిసరములలో కెమెరా బయటికి తీయరాదు, రైలుస్టేషనులోని గదులకు అనుమతి లేక పోరాదు.

గత శనివారము తొమ్మిదవ తరగతి గదిలో మా మొదటి చుట్ట తీసితిమి. ముప్పదియారింట పదునొకటి నిలిచినవి. ఒకదానిలో చివరి బెంచీపై ఎవరో మరచిన అన్నపు డబ్బా యున్నది. దానిని తొలగింతమా వలదా యని కొంతసేపు తర్కించుకొని ఉండనిచ్చితిమి. ఆ చిత్రము ఇప్పుడు కార్యాలయపు గది వెలుపల తగిలింపబడి యున్నది. డబ్బా తమదని ఇంకను ఎవ్వరును చెప్పలేదు.