ప్రపంచానికి గ్లౌజులు తొడిగే దేశంలో మన చేతులు భద్రమేనా?

ఓ ఆదివారం మధ్యాహ్నం క్లాంగ్ దగ్గరి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. వయసు పాతిక దాటి ఉండదు. ఇనుప గేట్లు, రెయిలింగులు చేసే వర్క్‌షాపులో పని. డాక్టర్ మాట అతనికి అర్థం కావడం లేదు, అతని మాట డాక్టర్‌కు అర్థం కావడం లేదు. మధ్యలో చెప్పడానికి ఎవరో నా నంబరు ఇచ్చారు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. వర్క్‌షాపు సంగతులు అప్పటికి నాకు పెద్దగా తెలియవు.

‘గ్లౌజులు వేసుకున్నాడా అని అడగండి’ అన్నారు డాక్టర్. అడిగాను. ‘వేసుకునే ఉన్నానన్నా. నా డబ్బుల్తో కొనుక్కుని మరీ వేసుకున్నాను’ అన్నాడు. డ్రిల్లింగ్ మిషన్ తిరుగుతుండగా ఇనుప పట్టీని కాస్త సర్దబోయాడట. నూలు గ్లౌజు పోగు ఒకటి బిట్‌కు చుట్టుకుంది. గ్లౌజుతో పాటు చెయ్యి కూడా లోపలికి పోయింది. రెండు వేళ్లు నలిగిపోయాయి.

గ్లౌజు లేక జరిగిన ప్రమాదం కాదిది. గ్లౌజు ఉండబట్టే జరిగింది.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. ‘రూములో జారిపడ్డానని చెప్పమన్నాడన్నా మా సూపర్‌వైజరు. ఏం చెప్పమంటావు?’ జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. ఆ సలహా మంచిదేనా, అతని ఉద్యోగానికి ముప్పు తెస్తుందా అన్నది నాకు ఆ క్షణాన తెలియదు. ఫోన్ పెట్టేశాక చదవడం మొదలుపెట్టాను. తెలిసినవాటిలో మన కుటుంబాలకు పనికొచ్చేవి ఇక్కడ చెబుతున్నాను. మనలో చాలామందికి ఇక్కడో, గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో ఇలాంటి పని చేసే తమ్ముడో, మేనల్లుడో, ఊరివాడో ఉంటాడు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లకైతే ఇంటి గ్యారేజీయే వర్క్‌షాపు.

రబ్బరు తోట నుంచి గ్లౌజు దాకా

మలేషియాకూ రబ్బరుకూ అనుబంధం 1877 నాటిది. ఆ ఏడాది వచ్చిన మొక్కల్లో ఒకటి పెరాక్ రాష్ట్రం కువాలా కంగ్సార్‌లో చెట్టుగా ఇప్పటికీ ఉంది. తర్వాత తోటలు పెరిగాయి. ఆ తోటల్లో పాలు గీయడానికి కంగాణీల వెంట విశాఖ, గంజాం జిల్లాల నుంచి మనవాళ్లు ఓడలెక్కి వచ్చారు. ఇక్కడి పాత తెలుగు కుటుంబాల్లో చాలావాటి కథ అలాగే మొదలవుతుంది.

1980లలో ఎయిడ్స్ భయంతో ప్రపంచమంతా వైద్య గ్లౌజులకు గిరాకీ పెరిగింది. రబ్బరు చేతిలో ఉన్న మలేషియా ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుంది. హార్టలెగా 1988లో, టాప్ గ్లవ్ 1991లో మొదలయ్యాయి. కొవిడ్ వచ్చేనాటికి ప్రపంచం వాడే రబ్బరు గ్లౌజుల్లో సుమారు మూడింట రెండు వంతులు ఈ దేశానివే. చైనా పోటీతో తర్వాత ఆ వాటా తగ్గింది. చైనా వైద్య గ్లౌజులపై అమెరికా 2025లో 50 శాతం, 2026 నుంచి 100 శాతం సుంకం నిర్ణయించడంతో ఇక్కడి కంపెనీల్లో మళ్లీ ఆశ చిగురించింది.

అయితే ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఎక్కువగా తయారయ్యేవి ఆసుపత్రుల్లో వాడే పల్చటి గ్లౌజులు. ఇనుము కోసే చేతికి అవి సరిపోవు. ఆ చేతికి ఏది కావాలన్న ప్రశ్న వర్క్‌షాపుల్లో ఇప్పటికీ కూలివాడికే వదిలేస్తున్నారు. అతనేమో సందు చివర హార్డ్‌వేర్ దుకాణంలో అన్నిటికన్నా చవకైన నూలు గ్లౌజులు కట్టగా కొనుక్కుంటాడు. డ్రిల్లుకూ, గ్రైండర్‌కూ, వెల్డింగుకూ, థిన్నర్‌కూ అవే.

పనికి తగ్గ గ్లౌజు

అన్ని పనులకూ సరిపోయే గ్లౌజు అంటూ లేదు. ముందుగా తెలుసుకోవాల్సింది ఏ గ్లౌజు వేసుకోవాలన్నది కాదు, ఎక్కడ తీసేయాలన్నది. డ్రిల్ ప్రెస్, లేత్, మిల్లింగ్ మిషన్ లాంటి తిరిగే యంత్రాల దగ్గర గ్లౌజు వేసుకోకూడదు. వదులు చొక్కా చేతులు, ఉంగరం, మణికట్టుకు కట్టుకున్న తాడు కూడా అంతే ప్రమాదం. అక్కడ చేతిని కాపాడేది యంత్రానికుండే గార్డు, వస్తువును బిగించి పట్టే వైస్, యంత్రం ఆపాకే ముట్టుకునే అలవాటు. మన కుర్రాడికి ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది.

రేకులు, గాజు, పదునైన అంచులు పట్టుకునే పనికి కోతను తట్టుకునే గ్లౌజు కావాలి. దానిమీద ఓ డాలు, డాలులో సుత్తి బొమ్మ, పక్కన ‘ఈఎన్ 388’ అని ఉంటుంది. ఇది యూరప్ ప్రమాణం. బొమ్మ కింద నాలుగు అంకెలు, ఆ తర్వాత ఓ అక్షరం ఉంటాయి. అంకెలు వరుసగా ఒరిపిడి, కోత, చిరుగు, పోటు ఎంత తట్టుకుంటుందో చెబుతాయి. కోతకు 5, మిగతా మూడింటికి 4 అత్యధికం. చివరి అక్షరం ఎ నుంచి ఎఫ్ దాకా ఉంటుంది. కోతను కొలిచే కొత్త పద్ధతి అది, ఎఫ్ అన్నిటికన్నా గట్టిది. అంకె స్థానంలో ఎక్స్ ఉంటే ఆ పరీక్ష చేయలేదని అర్థం. అమెరికా గ్లౌజుల మీదైతే ఎ1 నుంచి ఎ9 వరకు ఉంటుంది.

ఈ అంకెలను నమ్మడానికీ ఓ హద్దుంది. అవి చేతితో పట్టుకున్న పదునుకు వర్తిస్తాయి గానీ, తిరుగుతున్న గ్రైండర్ డిస్కుకు కాదు. దాన్ని ఆపే గ్లౌజు లేదు. పోటు పరీక్ష కూడా లావాటి మొనతో చేస్తారు కాబట్టి సన్నటి సూది, తీగ కొస దూరవని హామీ ఏమీ లేదు.

బండ్ల పనికి వద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో వట్టి చేతులతో ఇంజన్ విప్పి, పెట్రోల్‌తో చేతులు కడుక్కునే మెకానిక్కులను మనమంతా చూసిన వాళ్లమే. వాడిన ఇంజన్ ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి అంటుతుంటే దురదలు, పుండ్లతో ఆగదు, చర్మ క్యాన్సర్‌కూ దారితీయవచ్చు. పెట్రోల్ చర్మంలోని సహజమైన నూనెను తీసేసి ఆ దారిని ఇంకా సులువు చేస్తుంది. ఈ పనికి నైట్రైల్ గ్లౌజు మంచిది. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ ఆయిల్ తగిలితే ఉబ్బి పాడవుతుంది, కొందరికి ఎలర్జీ కూడా. నైట్రైల్‌లోనూ ఆసుపత్రి రకం త్వరగా చిరుగుతుంది, మెకానిక్కుల కోసం చేసే మందపాటి రకం తీసుకోవాలి. అసిటోన్, కొన్ని రకాల థిన్నర్లు మాత్రం పల్చటి నైట్రైల్‌లోంచి కొద్దిసేపట్లోనే దూరిపోతాయి. అలాంటి రసాయనాలకు తయారీదారు ఇచ్చే పట్టిక చూసి కొనాలి.

వెల్డింగుకు తోలు గ్లౌజులే. నైలాన్, పాలిస్టర్ కలిసినవి నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ‘ఈఎన్ 12477’ అని రాసి ఉన్నవాటిలో ఎ రకం మందంగా ఉంటుంది, మామూలు వెల్డింగుకు. బి రకం వేళ్లు సులువుగా కదిలేలా ఉంటుంది, టిగ్ వెల్డింగుకు.

హైడ్రాలిక్ పైపు కారుతుంటే ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకూడదు. గ్లౌజు ఉన్నా సరే. సూదంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లేకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది.

ఎలక్ట్రిక్ కార్లు ఇక్కడ రోడ్ల మీద పెరుగుతున్నాయి. వాటి బ్యాటరీ పనికి వాడేది వేరే జాతి రబ్బరు గ్లౌజు. క్లాస్ 0 అంటే 1000 వోల్టుల ఏసీ దాకా. పైన తోలు తొడుగు ఉండాలి, వేసుకునే ముందు ప్రతిసారీ గాలి నింపి చిల్లులున్నాయేమో చూడాలి, అమెరికా నిబంధనల ప్రకారం ఆరు నెలలకోసారి విద్యుత్ పరీక్ష చేయించాలి. శిక్షణ లేనివాళ్లు గ్లౌజు ఉందన్న ధైర్యంతో ఆ పనికి దిగకూడదు.

చివరగా సైజు. వదులు గ్లౌజు పట్టు జారుస్తుంది, బిగుతుది వేళ్లను అలసిపోనిస్తుంది. మలేషియా ఉక్కపోతలో మందపాటి గ్లౌజు గంటలో తడిసిపోతుంది, మనిషి విసిగి తీసి పక్కన పడేస్తాడు. అరచేయి చుట్టుకొలత తీసుకుని, మార్చుకోవడానికి ఇంకో జత దగ్గర పెట్టుకుంటేనే రోజంతా వేసుకోగలుగుతారు.

కొనాల్సింది ఎవరు?

ఇవన్నీ కూలివాడు చదివి, ఎంచుకుని, కొనుక్కోవాలా? ఇక్కడి చట్టం అలా అనడం లేదు. మలేషియా 1994 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టాన్ని 2022లో సవరించింది. ఆ సవరణ 2024 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కొన్ని రంగాలకే పరిమితమైన చట్టం ఇప్పుడు ఇంటి పనివాళ్ల వంటి కొద్ది మినహాయింపులు తప్ప అన్ని పనిచోట్లకూ వర్తిస్తుంది. యజమాని పనిలోని ప్రమాదాలను ముందుగా అంచనా వేయాలి. అయిదుగురు, అంతకు మించి పనివాళ్లుంటే భద్రత చూసుకోవడానికి ఒకరిని నియమించాలి. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటే అక్కడి నుంచి తప్పుకునే హక్కు పనివాడికి ఉంది. ప్రధాన బాధ్యతల్లో తప్పితే పడే జరిమానా పరిమితి 50 వేల రింగిట్ల నుంచి 5 లక్షలకు పెరిగింది. ఈ చట్టం కింద ఇవ్వాల్సిన రక్షణ సామగ్రికి పనివాడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నిబంధనే. ఇచ్చినదాన్ని వాడడం పనివాడి బాధ్యత.

అంటే నా డబ్బుల్తో కొనుక్కున్నానని ఆ కుర్రాడు గొప్పగా చెప్పిన మాట అసలు అతను చెప్పాల్సిందే కాదు.

నిజం చెప్పడమూ అందుకే ముఖ్యం. 2019 జనవరి 1 నుంచి విదేశీ కార్మికులు కూడా సామాజిక భద్రత సంస్థ పెర్కెసో ప్రమాద పథకంలోకి వచ్చారు. చందా యజమానిదే. ప్రమాదం జరిగితే 48 గంటల్లో యజమాని ఆ సంస్థకు తెలియజేయాలి. వైద్యం ఖర్చు, డాక్టర్ రాసిన సెలవు నాలుగు రోజులకు తగ్గకపోతే సగటు రోజు కూలీలో 80 శాతం, శాశ్వత లోపం మిగిలితే దానికి వేరే పరిహారం వస్తాయి. రూములో జారిపడ్డానని రాయిస్తే ఇవన్నీ చేజారినట్టే. చట్టబద్ధమైన పర్మిట్ లేకుండా విజిట్ వీసా మీద పని చేసేవాళ్లకు ఈ దారి మూసుకుపోయినట్టే. ఏజెంటు ‘ముందు వెళ్లు, తర్వాత చూద్దాం’ అన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. ఇమిగ్రేషన్ చెక్ అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ఉంది. ప్రమాదంలో మరణానికీ, శాశ్వత వైకల్యానికీ 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే.

అడిగితేనే కదులుతుంది

చట్టం ఉంటే సరిపోదని గ్లౌజుల పరిశ్రమే చూపించింది. 2020 జులైలో బలవంతపు చాకిరీ ఆరోపణలతో అమెరికా కస్టమ్స్ టాప్ గ్లవ్ అనుబంధ సంస్థల సరుకును ఆపేసింది. ఉద్యోగం కోసం ఏజెంట్లకు అప్పు చేసి కట్టిన సొమ్మును కంపెనీ కార్మికులకు తిరిగివ్వడం సహా మార్పులు చేశాక, 2021 సెప్టెంబరులో ఆంక్ష ఎత్తేసింది. అక్కడ పరిస్థితి మారింది కొనేవాడు ప్రశ్నించాక. చిన్న వర్క్‌షాపును అమెరికా అడగదు. దాన్ని అడగాల్సింది మనం.

అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా, డబ్బు పంపావా’తో పాటు మూడు ప్రశ్నలు అడుగుదాం. నువ్వు ఏ మిషన్ మీద పని చేస్తున్నావు? గ్లౌజులు ఎవరు కొన్నారు, వాటిమీద ఏం రాసి ఉంది? పెర్కెసోలో నీ పేరుందా? జవాబు తెలియదంటే అక్కడే పని మొదలవుతుంది. ఇక్కడి వృత్తి భద్రత శాఖ జేకేకేపీకి ఫిర్యాదు చేయవచ్చు, కౌలాలంపూర్‌లోని భారత హైకమిషన్ సాయం కోరవచ్చు. మన సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి వేసే స్టాళ్లలో ఒక బల్ల దీనికి కేటాయించి, తెలుగులో రాసిన ఒక కాగితం చేతిలో పెడితే చాలు. చేతితో అన్నం సంపాదించేవాడికి అంతకన్నా మంచి పండుగ కానుక ఏముంటుంది?

ఆ కుర్రాడి ఒక వేలు కొస పోయింది, ఇంకోటి నిలిచింది. నిజమే చెప్పాడు. సూపర్‌వైజర్ కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడట గానీ ఉద్యోగం పోలేదు, పరిహారం కాగితాలు కదిలాయి. మొన్న వాట్సాప్‌లో ఓ ఫొటో పంపాడు. కొత్త గ్లౌజు, సుత్తి బొమ్మ, కింద అంకెలు. ‘ఈసారి ఓనరే కొనిచ్చాడన్నా. డ్రిల్లు దగ్గరకెళ్తే మాత్రం తీసి జేబులో పెట్టుకుంటున్నాను’ అని కింద రాశాడు.