విక్రాంత్ తుక్కయింది.. మరి దాని మీంచి ఎగిరిన పైలట్ల గుర్తులు ఎక్కడ?

ఘాజీ కథ తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2017లో రానా సినిమా వచ్చాక పిల్లలకి కూడా తెలిసిపోయింది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాక్ సబ్‌మెరైన్ మునిగిపోయింది. అది వెతుక్కుంటూ వచ్చింది మన విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ కోసం. ఇంతవరకు అందరికీ తెలుసు. మరి తెల్లారాక విక్రాంత్ ఏం చేసింది? దాని మీంచి ఎగిరింది ఎవరు? ఇక్కడికొచ్చేసరికి చాలామంది దగ్గర జవాబు ఉండదు.

అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు. ఓడ పూర్తి స్పీడ్ అందుకోలేదు. డెక్ మీంచి జెట్ ఎగరాలంటే ఓడ స్పీడూ, ఎదురుగాలీ రెండూ కావాలి. అయినా డిసెంబర్ 4న సీ హాక్ జెట్లు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. వాటిని నడిపించిన లెఫ్టినెంట్ కమాండర్ ఎస్.కె.గుప్తాకి మహావీర చక్ర వచ్చింది. ఆయనతో పాటు ఎగిరిన మిగతావాళ్ల పేర్లు? నేవీ రికార్డుల్లో ఉంటాయి. జనం నోట్లో లేవు.

ఓడ సంగతి చూద్దాం. 1997లో రిటైర్ అయింది. ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా నిలబడింది. 2014 వేలంలో సుమారు 60 కోట్లకి అమ్ముడైంది. కోర్టు కేసులు కూడా ఆపలేకపోయాయి. ఆ ఉక్కులో కొంత బజాజ్ వీ బైక్ ట్యాంకుల్లోకి వెళ్లింది. మీ వీధిలో కూడా ఒకటి తిరుగుతూ ఉండొచ్చు! బైక్ అమ్మినందుకు తప్పుపట్టాల్సిన పనిలేదు, కనీసం జనం ఆ పేరు మళ్లీ తలుచుకున్నారు. కానీ కరిగించిన ఉక్కులో ఓడ పేరు మిగులుతుంది, మనిషి పేరు మిగలదు.

తర్వాత ఐఎన్ఎస్ విరాట్ వంతు. దాన్ని విశాఖ తెచ్చి మ్యూజియం చేద్దామని ఏపీ ప్రభుత్వం అనుకుంది. కుదర్లేదు. 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరి ముక్కలైంది.

విశాఖ చేసింది తక్కువేం కాదు

విశాఖని మాత్రం మెచ్చుకోవాలి. 2017 మార్చిలో రిటైర్ అయిన టీయూ-142 విమానం ఎగురుకుంటూ ఐఎన్ఎస్ డేగాకి వచ్చింది. దాన్ని విడదీసి, బీచ్ రోడ్డుకి తరలించి, మళ్లీ అమర్చి అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియం తెరిచారు. అక్కడ ఇంజిన్, ప్రొపెల్లర్, సబ్‌మెరైన్ జాడ పట్టే సోనోబాయ్‌లు, సిబ్బంది సర్వైవల్ కిట్ కూడా చూడొచ్చు. గోవాలో బోగ్మాలో దగ్గర 1998 నుంచే నేవల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది. సీ హాక్, అలిజే లాంటి 1971 నాటి విమానాలు అక్కడే కనిపిస్తాయి.

అయితే ఒక్కటి గమనించండి. ఎవరైనా విమానం ముందు సెల్ఫీ తీసుకుంటారు, రెక్క పొడవు ఎంతో చదువుతారు, బయటికొచ్చేస్తారు. అందులో కూర్చున్న మనిషి గుర్తుండాలంటే చిన్న వస్తువులు కావాలి. హెల్మెట్, చేతి గ్లోవ్స్, ఇంటికి రాసిన ఉత్తరం.. అన్నిటికంటే ముఖ్యం ఫ్లయింగ్ లాగ్‌బుక్. ఏ తేదీన, ఏ నంబర్ విమానంలో, ఎవరితో, ఎంతసేపు ఎగిరారో పైలట్ అందులో రాసుకుంటాడు. పెద్ద పుస్తకమేం కాదు. కానీ ఆ నంబర్ ఉంటేనే మ్యూజియంలో నిలబెట్టిన ఇనుముకీ ఒక మనిషికీ లింక్ కుదురుతుంది.

ఆ లింక్ ఎంత పనిచేస్తుందో అమెరికాలో జరిగిన ఈ సంగతి చూడండి. మిచిగాన్ సరస్సు అడుగు నుంచి 1994లో ఒక డాంట్‌లెస్ బాంబర్‌ని పైకి తీశారు. నంబర్ 2106. రికార్డులు తిరగేస్తే అది 1942 జూన్ 4న మిడ్‌వే యుద్ధంలో పోరాడిన విమానమని తేలింది. పైలట్ డేనియల్ ఐవర్సన్, గన్నర్ వాలెస్ రీడ్. 200కి పైగా తూటా రంధ్రాలతో తిరిగొచ్చారు. తర్వాత దాన్ని ట్రైనింగ్‌కి పంపితే సరస్సులో పడిపోయింది. నంబర్ దొరక్కపోయి ఉంటే అది సరస్సులోంచి తీసిన విమానాల్లో ఇంకొకటి, అంతే. ఇప్పుడది ఇద్దరు మనుషుల కథ.

మన దగ్గర అసలు ఏమీ మిగలనివాళ్లూ ఉన్నారు. 1971 డిసెంబర్ 10న పశ్చిమ తీరంలో మన నేవీ అలిజే విమానాన్ని పాక్ ఎఫ్-104 జెట్ కూల్చేసింది. లోపల ముగ్గురు. అందులో ఒకరైన లెఫ్టినెంట్ కమాండర్ అశోక్ రాయ్ పేరు ఆ యుద్ధంలో ఆచూకీ లేని 54 మంది జాబితాలో ఉంది. సమాధి లేదు, శకలం లేదు. అలాంటి ఇంట్లో ఒక యూనిఫాం బటన్ ఉన్నా అది పాత సామాను కాదు కదా!

టైమ్ ఎందుకు లేదంటే..

1971లో పాతికేళ్ల కుర్రాడిగా ఎగిరిన పైలట్‌కి ఇప్పుడు 80కి దగ్గర వయసు. ఆయన తర్వాత ఇల్లు మారుతుంది, బీరువా ఖాళీ చేస్తారు. ట్రంకుపెట్టె తెరిచిన మనవడికి ఆ పుస్తకమేంటో తెలీదు. అది పాత పేపర్లతో పాటు కిలో లెక్కన వెళ్లిపోతుంది.

చట్టం కాపాడుతుందా? కష్టమే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువుకైతే కనీసం 100 ఏళ్లు, రాతప్రతికైతే 75 ఏళ్లు నిండాలి. అంటే 1971 నాటి లాగ్‌బుక్ 2046 దాకా ఆ లెక్కలోకే రాదు. అందుకే ఈ పని ఇళ్లల్లోనే మొదలవ్వాలి, ఇలాంటివి సేకరించేవాళ్లు కూడా పూనుకోవాలి.

సేకరించేవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్‌లో "ఒరిజినల్ పైలట్ జాకెట్" అని కనిపించగానే డబ్బు పంపేయకండి. కొత్తగా కుట్టి, పాతదిలా మాపి అమ్మేవాళ్లున్నారు. ఎవరిది, ఏ స్క్వాడ్రన్, మీదాకా ఎలా వచ్చిందో రాసివ్వలేకపోతే అది మామూలు జాకెట్టే. రెండో ప్రపంచ యుద్ధం నాటి కాక్‌పిట్ డయల్స్ దొరికితే విప్పొద్దు, చీకట్లో మెరవడానికి రేడియం పూసినవి ఉంటాయి. తూటాలు, ఫ్యూజుల్లాంటివి కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి.

ఇక మీ ఇంట్లోనో, పక్కింట్లోనో నేవీలో ఎగిరిన తాతగారు ఉంటే పనికొచ్చేది మీ చేతిలోని ఫోనే. లాగ్‌బుక్ ప్రతి పేజీ ఫొటో తీయండి, పేజీలు మాత్రం చింపొద్దు. మెడల్స్‌ని పాలిష్‌తో రుద్దొద్దు. గ్రూప్ ఫొటో ముందు పెట్టి ఎడమ నుంచి కుడికి ఎవరెవరో ఆయన చేతే చెప్పించి వీడియో తీయండి. ఏ రోజు ఏ విమానం ఎక్కారో, పక్క సీట్లో ఎవరున్నారో అడగండి. ఆ పక్క సీట్లో ఉన్నాయన తిరిగొచ్చారా అన్నది కూడా, ఆయనకి చెప్పాలనిపిస్తేనే.