జర్మన్ నేర్పిద్దామా? ముందు దారి చూసుకుందాం



"జర్మన్ నేర్పిస్తే మా పిల్లలకు ఏం ఒరుగుతుంది?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఫీజు కట్టేది మీరు, ఆడుకునే గంట వదులుకునేది పిల్లలు. నలుగురికీ చెప్పుకోవడానికైతే వద్దనే నా అభిప్రాయం. దారి తెలిసి నేర్పిస్తే మాత్రం మంచి పెట్టుబడి.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం మనవాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. మాస్టర్స్ కోర్సులు ఇంగ్లీషులో బాగానే దొరుకుతాయి. బ్యాచిలర్స్ డిగ్రీలు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. పైగా ఇంటర్ అవగానే చాలామందికి నేరుగా సీటు రాదు, ముందు స్టూడియన్‌కొలెగ్ అనే సన్నాహక కోర్సు చేయాలి. భాష రాకుండా ఆ గడప దాటడం కష్టం.

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. స్టూడెంట్ వీసాకు ఏడాది జీవన ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయలకు పైనే. ఆ డబ్బు మీ పిల్లలదే, నెలనెలా తీసుకుని వాడుకుంటారు. అయినా ముందుగా సమకూర్చుకోవాల్సింది మీరే.

ఇంకో దారి ఔస్‌బిల్డుంగ్. స్టైపెండ్ తీసుకుంటూ కంపెనీలోనో ఆసుపత్రిలోనో పని నేర్చుకునే శిక్షణ ఇది. పనిచేతి విలువ పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు వెళ్లే తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు. నిపుణులైన భారతీయులకిచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024లో జర్మనీ ప్రకటించింది. కానీ ఔస్‌బిల్డుంగ్‌కు సాధారణంగా బీ1 స్థాయి, నర్సులకు బీ1 నుంచి బీ2 అడుగుతారు. స్కూల్లో వారానికి ఒకటి రెండు పీరియడ్లతో వచ్చేది మహా అయితే ఏ1. అది పునాదే, ఇల్లు కాదు. "మూడు నెలల్లో జర్మన్, ఆరు నెలల్లో ఉద్యోగం" అనే ఏజెంట్లకు అడ్వాన్స్ ఇవ్వకండి.

మన పిల్లలకు ఒక అనుకూలత ఉంది. జర్మన్ చాలావరకు రాసినట్టే చదువుతారు. మనం సమాసాలు కట్టినట్టే వాళ్లూ మాటలు కలుపుతారు. గ్లవ్‌ను హాంట్‌షూ అంటారు, అంటే చేతి చెప్పు! కొన్ని వాక్యాల్లో క్రియ తెలుగులోలాగే చివరికి వస్తుంది. అందుకే జర్మన్ కోసం తెలుగు పీరియడ్ తగ్గించమని అడగకండి. తెలుగు బాగా వచ్చిన పిల్లలకు ఇంకో భాష వ్యాకరణం తొందరగా పట్టుబడుతుంది.

నా సలహా ఇది. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి ఒక ఏడాది చూడండి. పిల్లలకు ఇష్టం కలిగితే ఇంటర్ లోపు బీ1 లక్ష్యంగా పెట్టుకోండి. హైదరాబాద్ గోథే సెంట్రమ్ లాంటి చోట పరీక్ష రాయించండి. ఇష్టం లేకపోతే అక్కడితో ఆపేయండి. బలవంతంగా నేర్పిన భాష మార్కుల మెమోలోనే మిగిలిపోతుంది.