బోర్డు కాదు, బడ్జెట్ కావాలె



హైదరాబాద్ నగర పాలనలో వాతావరణ మార్పు కోసం ప్రత్యేక ఆఫీసు పెట్టి నిధులియ్యాలని అంటే, మన పిల్లలు కొందరు "అది సిటీ వాళ్ల లొల్లి, మనకెందుకన్నా?" అంటున్నరు. నా ఊరు భద్రాచలం ఏజెన్సీ. ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో రేకుల రూములో కిరాయికుంటున్న. రెండు దిక్కులా చూసినోడిగా చెప్తున్న, ఇది మన లొల్లి కూడా.

2020 సెప్టెంబర్‌లో ఇదే నేరేడ్‌మెట్‌లో సైకిలేసుకుని బయటికెళ్లిన పన్నెండేళ్ల పాప మూత లేని నాలాలో కొట్టుకుపోయింది. శవం బండ చెరువులో దొరికింది. నెల తిరక్కుండానే, అక్టోబర్ 13న కురిసిన వానకు నగరమే మునిగింది. ఆ తర్వాతే నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ వచ్చింది. ముందు చావు, తర్వాత స్కీము.

మా దగ్గర గోదారి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. నష్టం ఆగలేదు, నిజమే. కానీ ఏ అంకె దగ్గర మూట సర్దుకోవాలో మా అవ్వకు తెలుసు. ఇక్కడ మా గల్లీ నాలా ఎంత వానకు పొంగుతదో నాకు చెప్పినోళ్లు లేరు.

ఎండ సంగతీ అంతే. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మంచిదే. కానీ 600 గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు, ఇష్టముంటే చేసుకోవచ్చు. అంటే రేకుల కింద ఉడికేటోళ్లే లెక్కలో లేరు. కూలికొచ్చిన మనోళ్లు ఉండేది ఆ రేకుల కిందనే.

"ఆఫీసు పెడితే ఏసీ రూములు, రిపోర్టులే కదా. ఆ పైసలతో నాలాలకు మూతలు వేయొచ్చు కదా" అని అడిగేటోళ్లున్నరు. న్యాయమైన ప్రశ్నే. అయితే మూత ఒక శాఖది, చెరువు ఇంకో శాఖది, ఇంటి పర్మిషన్ మరో శాఖది. వీళ్లందరినీ కూర్చోబెట్టి జవాబు అడిగేదెవరు? అహ్మదాబాద్ 2010 ఎండలకు జనాన్ని పోగొట్టుకుని, 2013లో ఎండల ప్రణాళిక రాసుకుంది. వేడి పెరిగితే ఎవరు ఏం చెయ్యాలో ముందే పని అప్పజెప్పింది. ఆఫీసు ఉండాల్సింది అందుకు.

కానీ పైసల్లేని ఆఫీసు ఎట్లుంటదో మనకంటే ఎవరికి తెలుసు? గిరిజన ఉప ప్రణాళిక పేరు మీద రాసిన నిధులు దారి మళ్లినయ్. కొట్లాడితేనే 2013లో చట్టం వచ్చింది. 2017 తెలంగాణ చట్టంలో, ఖర్చు కాని వాటా మరుసటి ఏడాదికి కలపాలన్న నిబంధన పెట్టించుకున్నం. ఆ చట్టం కూడా పూర్తిగా అమలు కావాలంటే ఇంకా అడుగుతూనే ఉండాలె.

అందుకే మూడు షరతులతోనే ఈ ఆఫీసుకు మద్దతిద్దాం. ఒకటి, బడ్జెట్‌లో దారి మళ్లించలేని సొంత పద్దు. రెండు, నాలా మీద కట్టే ఇంటి పర్మిషన్ ఆపే అధికారం. మూడు, బస్తీ సభ మాటకు విలువ. 1996 పెసా చట్టం మన గ్రామసభకు చోటిచ్చినట్టు బస్తీకీ ఇయ్యాలె.

ఈ మూడూ లేకపోతే అది గోడకు తగిలించిన బోర్డే. అసుంటి బోర్డులు మనం చాలా చూసినం.

జై ఆదివాసీ!