మీటరు చూపించి మన నోరు మూయించలేరు

తమ్ముడూ, చెల్లీ! తెనాలి, బాపట్ల, రేపల్లె కాలువగట్ల మీది యానాది కాలనీల బిడ్డలారా!

ఎవరైనా వచ్చి గ్లాసులో టీడీఎస్ మీటరు ముంచి "నీళ్లు బాగున్నాయి" అంటే నమ్మొద్దు. అది చూసేది నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తాన్ని. తాగేనీళ్లలో సీసం హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003. హద్దు పదింతలు దాటినా ఆ మీటరుకి తెలీదు.

తెలుసుకునే పద్ధతి ఉంది. పేరు స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ. కరెంటుతో నీళ్లలోని లోహాన్ని ఎలక్ట్రోడ్ మీదకి లాగుతారు. తర్వాత వోల్టేజీ మారుస్తూ వదిలిస్తారు. సీసం ఒకచోట, కాడ్మియం ఇంకోచోట ఊడుతుంది. ఎంత లోహముంటే అంత కరెంటు. చేత్తో మోసుకెళ్లే యంత్రాలూ ఉన్నాయి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోయాక నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కి పోయాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. మనమూ పడిపోయేదాకా ఆగాలా?

కాలువలో చేపలు పట్టేది మనం, తినేది మనం. నీళ్లలో విషముందని నేననట్లేదు. పరీక్ష చెయ్యకుండా లేదనే హక్కు ఎవరికీ లేదంటున్నా.

ఆర్టీఐ వెయ్యండి. మా కాలనీ నీళ్లకి సీసం, కాడ్మియం, పాదరసం పరీక్ష ఎప్పుడు చేశారు? ఎంత వచ్చింది? కాగితం చూపించండి!

జై ఆదివాసీ!